రోజూ సిటప్స్ చేయమని అసలు ఎవరు చెప్పారు?

ఈ ఎపిసోడ్ నా నడుము నొప్పితో మొదలవుతుంది. కంగారు పడకండి, అది తగ్గిపోయింది. కానీ దాని వల్లే నాకు ఈ కథంతా తెలిసింది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. పీజీ రూమ్, పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది దాకా కుర్చీ, వారాంతంలో బిర్యానీ. పొట్ట రావడం మొదలైంది. ఫోన్‌లో ముప్పై రోజుల ఛాలెంజ్ ఒకటి దొరికింది. మొదటి రోజు ఇరవై సిటప్స్, తర్వాత రోజూ కొన్ని పెంచుకుంటూ పోవాలి. ఒక్క రోజు కూడా మిస్ కాకూడదు, మిస్ అయితే మళ్లీ మొదటికే. నేను నిద్ర లేవగానే మంచం కింద పాదాలు దూర్చి మొదలుపెట్టేవాణ్ని. మూడో వారంలో ఒక పొద్దున పళ్లు తోముకుని ఉమ్మేద్దామని సింక్ మీదకి వంగాను. అంతే, నడుము పట్టేసింది. లేవలేకపోయాను.

ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్తే ఆవిడ అంతా విని ఒక్కటే అడిగారు. "బాబూ, రోజూ చేయమని నీకు ఎవరు చెప్పారు?"

నా దగ్గర జవాబు లేదు. యాప్ చెప్పింది. యాప్‌కి ఎవరు చెప్పారు? ఛాతీ, కాళ్లు, భుజాలు, వీటికి వారానికి ఒకసారో రెండుసార్లో చాలంటారు, మధ్యలో రెస్ట్ ఇవ్వమంటారు. మరి పొట్టకి మాత్రం రోజూ ఎందుకు? ఈ రూల్ ఎక్కడ పుట్టింది? అది వెతుక్కుంటూ వెళ్తే ఒక డాక్టర్, ఒక అధ్యక్షుడు, ఒక సైన్యం తగిలారు. ఆ కథే ఈరోజు చెప్తాను. చివర్లో, ఎన్ని రోజులు చేయాలో కూడా తేల్చుకుందాం.

ముందు ఒక చిన్న క్లారిటీ. మన స్కూళ్లలో చాలామంది సిటప్స్ అంటే గుంజీలు అనుకుంటారు, చెవులు పట్టుకుని తీసేవి. ఇక్కడ నేను చెప్పేది అది కాదు. వెల్లకిలా పడుకుని, పొట్ట బలంతో పైకి లేచి కూర్చునేది. ఇక కోర్ అంటే సిక్స్‌ప్యాక్ ఒక్కటే కాదు. ముందున్న పొట్ట కండరాలు, పక్కటెముకల కింద వాలుగా ఉండేవి, లోపల నడుము చుట్టూ పట్టీలా ఉండే పొర, వెనక వెన్ను పక్కన ఉండేవి, అన్నీ కలిపి కోర్.

సాండో రోజుల్లో

వందేళ్లు వెనక్కి వెళ్దాం. 1867లో ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టిన యూజెన్ సాండో ఆ కాలంలో ప్రపంచమంతా తెలిసిన బలశాలి. 1897లో అతను రాసిన పుస్తకం ఇంటింటికీ వెళ్లింది. అందులో పద్ధతి ఏంటంటే తేలికపాటి డంబెల్స్, రోజూ కొద్దిసేపు. ఇక్కడ తేలికపాటి అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

సాండో 1904-05లో మన దేశానికి కూడా వచ్చి ప్రదర్శనలు ఇచ్చాడు. అంతకు ముందే అతని పుస్తకాలు, పరికరాలు ఇక్కడికి చేరిపోయాయి. మహారాష్ట్రలో ఔంధ్ అనే చిన్న సంస్థానం ఉండేది. దాని రాజు భవన్‌రావు పంత్ ప్రతినిధి మొదట సాండో పద్ధతిలోనే ఏళ్ల తరబడి ఎక్సర్‌సైజ్ చేశాడు. తర్వాత అది వదిలి సూర్య నమస్కారాలకి మారి, వాటిని తన సంస్థానంలో స్కూల్ పిల్లల చేత కూడా రోజూ చేయించాడు. ఈరోజు మనం "అనాది నుంచి వస్తున్న వ్యాయామం" అనుకునే సూర్య నమస్కారాలు స్కూళ్లలోకి, పుస్తకాల్లోకి ఎక్కడంలో ఈయన పాత్ర చాలా పెద్దది.

అదే కాలంలో మన వైపు కోడి రామమూర్తి నాయుడు గారు ఉన్నారు. వీరఘట్టం ఆయన ఊరు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత సర్కస్ కంపెనీ పెట్టారు. ఛాతీకి గొలుసు చుట్టించుకుని ఊపిరి బిగించి తెంచేవారని, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకునేవారని మన తాతలు చెప్పుకునేవారు. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ ఫీట్స్‌ని కోర్ కోణంలో ఒక్కసారి ఆలోచించండి. ఏనుగు ఎక్కినప్పుడు మొండెం వంగకూడదు, కుంగకూడదు. అంటే అక్కడ పని కదలడం కాదు, కదలకుండా ఉండడం. దీన్ని కూడా గుర్తుపెట్టుకోండి.

మన తాలింఖానాల్లో అయితే దండీలు, బస్కీలు రోజూ తీసేవారు. వందల్లో తీసేవారు. బరువు ఉండదు, ఉన్నదల్లా ఒంటి బరువే. అదే సమయంలో అమెరికాలో అలాన్ కాల్వర్ట్ అనే ఆయన 1902లో మైలో బార్‌బెల్ కంపెనీ పెట్టి, బరువు పెంచుకుంటూ పోయే బార్‌బెల్స్ అమ్మడం మొదలుపెట్టాడు. ఇనుము బరువెక్కగానే లెక్క మారింది. రోజు విడిచి రోజు చేయండి అన్నారు. మన జిమ్‌లో ఇప్పటికీ నడిచే సోమ, బుధ, శుక్రవారాల లెక్క ఈ దారిలో వచ్చిందే.

అంటే వందేళ్ల క్రితమే రెండు రూల్స్ ఉన్నాయి. తేలికది రోజూ. బరువుది రోజు విడిచి రోజు. ఇద్దరూ వాళ్ల వాళ్ల పద్ధతికి సరైన మాటే చెప్పారు. మరి పొట్ట ఎప్పుడు గాడి తప్పింది?

ఒక్కసారి లేస్తే చాలు

ఇప్పుడు మన కథలో అసలు మనిషి వస్తాడు. హాన్స్ క్రాస్. 1905లో ట్రీస్టేలో పుట్టాడు, అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. చిన్నప్పుడు ఈయనకి ఇంగ్లిష్ ట్యూషన్ చెప్పింది ఎవరో తెలుసా? రచయిత జేమ్స్ జాయిస్. క్రాస్ డాక్టర్ అయ్యాడు, పర్వతారోహకుడు కూడా. 1938లో అమెరికా వెళ్లిపోయాడు. న్యూయార్క్‌లో నడుము నొప్పి పేషెంట్లని చూస్తూ ఒక విషయం గమనించాడు. చాలామందికి ఎముకలో జబ్బు ఏమీ ఉండట్లేదు. కండరాలు బలహీనంగా, బిగుసుకుపోయి ఉంటున్నాయి.

డాక్టర్ సోన్యా వెబర్‌తో కలిసి ఒక టెస్ట్ తయారుచేశాడు. పేరు క్రాస్-వెబర్ టెస్ట్. అందులో ఆరు పనులు. కాళ్లు చాపి పడుకుని, పాదాలు ఎవరైనా పట్టుకుంటే, ఒకసారి లేచి కూర్చోవాలి. మోకాళ్లు మడిచి ఇంకోసారి. వెల్లకిలా పడుకుని కాళ్లు కొంచెం పైకెత్తి పది సెకన్లు ఉంచాలి. బోర్లా పడుకుని ఛాతీ ఎత్తి పది సెకన్లు, కాళ్లు ఎత్తి పది సెకన్లు. చివరగా మోకాళ్లు వంచకుండా వంగి నేలని తాకాలి. అంతే.

గమనించారా? సిటప్ ఒక్కసారి. ఒకే ఒక్కసారి. క్రాస్ అడిగిన ప్రశ్న "నువ్వు ఎన్ని చేయగలవు" కాదు, "నువ్వు లేవగలవా లేదా". మన భాషలో చెప్పాలంటే పాస్ లేదా ఫెయిల్, మార్కులు లేవు. నడుము రోజువారీ బతుకుని మోయడానికి కావాల్సిన కనీస బలం ఉందో లేదో చూడడం, అంతవరకే దాని పని.

1950ల మొదట్లో ఈ టెస్ట్ నాలుగు వేలకు పైగా అమెరికన్ స్కూల్ పిల్లలకి పెట్టారు, యూరప్‌లో దాదాపు మూడు వేల మందికి పెట్టారు. ఫలితం చూసి అమెరికా ఉలిక్కిపడింది. అమెరికన్ పిల్లల్లో 57.9 శాతం మంది ఆరింటిలో కనీసం ఒకదానిలో ఫెయిల్. యూరప్ పిల్లల్లో 8.7 శాతం. అది కోల్డ్ వార్ కాలం. "రేపు యుద్ధం వస్తే ఈ పిల్లలేనా సైనికులు" అన్న భయం పట్టుకుంది. 1955లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ముందు ఈ లెక్కలు పెట్టారు. 1956లో ఆయన యువత ఫిట్‌నెస్ కోసం ఒక ప్రెసిడెంట్స్ కౌన్సిల్ పెట్టాడు.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. దేశమంతా పిల్లల్ని పరీక్షించాలి, ర్యాంకులు ఇవ్వాలి. పాస్-ఫెయిల్‌తో ర్యాంక్ రాదు కదా. మన ఎంసెట్ లాంటిదే, అర్హత వేరు, ర్యాంక్ వేరు. అందుకని 1950ల చివర్లో వచ్చిన జాతీయ ఫిట్‌నెస్ టెస్ట్‌లో సిటప్స్‌ని లెక్కపెట్టడం మొదలుపెట్టారు. కాళ్లు చాపి, పాదాలు ఇంకొకరు నొక్కి పట్టుకుంటే, అబ్బాయిలు గరిష్ఠంగా 100, అమ్మాయిలు 50. ఒకటి కాస్తా వంద అయింది.

ఎందుకు సిటప్పే? ఎందుకంటే దానికి ఏమీ అక్కర్లేదు. నేల ఉంటే చాలు, పక్కన లెక్కపెట్టేవాడు ఒకడుంటే చాలు. స్కూల్ గ్రౌండ్‌లో వందమందికి ఒకేసారి పెట్టొచ్చు. కొలవడానికి ఈజీగా ఉంది కాబట్టి నిలబడిపోయింది. టెస్ట్‌లో ఏది ఉంటే పిల్లలు అదే ప్రాక్టీస్ చేస్తారు, అది మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. మార్కులు పెరగాలంటే? రోజూ చేయాలి.

కాళ్లు చాపి, పాదాలు బిగించి లేస్తే ఆ పని చాలావరకు పొట్ట చేయదు. తుంటి దగ్గర, తొడని వెన్నుపూసకి కలిపే కండరం ఒకటి ఉంటుంది, అది లాగుతుంది, దాంతో నడుము మీద ఒత్తిడి పడుతుంది. నేను మంచం కింద పాదాలు దూర్చి చేసింది సరిగ్గా ఇదే. 1970ల మధ్యలో ఆ జాతీయ టెస్ట్‌ని మార్చారు. మోకాళ్లు మడిచి, ఒక నిమిషంలో ఎన్ని అని. కానీ లెక్కపెట్టడం మాత్రం పోలేదు.

నడుము పట్టేసిన అధ్యక్షుడు

1960 డిసెంబర్‌లో, అంటే అధ్యక్షుడిగా గెలిచాక, ఇంకా కుర్చీ ఎక్కకముందు, జాన్ ఎఫ్ కెనడీ స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అమెరికన్లు మెత్తబడిపోతున్నారు, ఒళ్లు వంచడం మానేశారు అని. క్రాస్ లెక్కల మీదే ఆ బాధంతా.

విచిత్రం ఏంటంటే అప్పటికే కెనడీ నడుము పాడైపోయి ఉంది. ఆపరేషన్లు అయ్యాయి. నడుముకి గట్టి పట్టీ కట్టుకుని తిరిగేవాడు. 1961 మేలో కెనడా వెళ్లి, ఒట్టావాలో ఒక మొక్క నాటే కార్యక్రమంలో పార పట్టుకున్నాడు, నడుము పట్టేసింది. కొన్నాళ్లు ఊతకర్రలతో నడిచాడు. ఫొటోలో బయట హుందాగా కనిపించే మనిషి లోపల నొప్పికి ఇంజెక్షన్ల మీద నడుస్తున్నాడు.

1961 అక్టోబర్‌లో వైట్‌హౌస్ నుంచి క్రాస్‌కి కబురు వెళ్లింది. ఆయన వచ్చి చూసి, పొట్ట కండరాలు బలహీనంగా ఉన్నాయి, కాళ్ల వెనక కండరాలు బిగుసుకుపోయాయి అన్నాడు. దేశంలో పిల్లలు ఫెయిల్ అవుతున్నారని బాధపడిన మనిషి ఒంట్లోనే ఆ సమస్య ఉంది. మరి క్రాస్ ఏం చేశాడు? రోజుకి వంద సిటప్స్ తీయమన్నాడా? లేదు. వారానికి మూడుసార్లు తను వచ్చి, చిన్న చిన్న వ్యాయామాలు, కండరాలు వదులు చేసేవి, నెమ్మదిగా బలం పెంచేవి చేయించాడు. నెలల్లో కెనడీ నడక, కదలిక మెరుగుపడ్డాయి.

ఒక పక్క ఆ డాక్టర్ పేరు మీద దేశమంతా సిటప్స్ లెక్కపెడుతోంది. ఇంకో పక్క అదే డాక్టర్ దేశాధ్యక్షుడికి వారానికి మూడుసార్లు, నెమ్మదిగా, లెక్క లేకుండా చేయిస్తున్నాడు. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన చోటు ఇదే.

పొట్ట కరుగుతుందని అమ్మినవాళ్లు

తర్వాత టీవీ వచ్చింది. 1982లో జేన్ ఫోండా వర్కవుట్ వీడియో క్యాసెట్ వచ్చి ఇళ్లలోకి ఎక్సర్‌సైజ్‌ని తెచ్చింది. 90ల్లో పొట్ట కోసం ప్రత్యేకంగా మెషీన్లు, నిమిషాల లెక్కన వీడియోలు. మనకీ అర్ధరాత్రి టెలీషాపింగ్ యాడ్స్ గుర్తున్నాయి కదా, పెదాలు ఒక భాషలో కదులుతుంటే మాట తెలుగులో వచ్చేది. "రోజుకి కేవలం కొన్ని నిమిషాలు చాలు!" ఈసారి రోజూ అన్న మాట వెనక డాక్టర్ లేడు, సైన్యం లేదు. వ్యాపారం ఉంది. వారానికి రెండుసార్లు అంటే మెషీన్ మంచం కిందకి పోతుంది. రోజూ అంటేనే అలవాటు అవుతుంది, కొన్నందుకు తృప్తి ఉంటుంది. నా ఫోన్ యాప్ లాజిక్ కూడా ఇదే. ఆ పక్క నుంచి వచ్చినవాణ్ని కాబట్టి చెప్తున్నా, రోజూ యాప్ తెరిచేలా చేయడం అక్కడ పెద్ద టార్గెట్. మీ కండరం రికవర్ అయిందా లేదా అన్నది ఆ గ్రాఫ్‌లో ఉండదు.

పొట్ట ఎక్సర్‌సైజ్ చేస్తే పొట్ట కొవ్వు కరుగుతుందన్న నమ్మకం మీద ఈ మార్కెట్ అంతా నడిచింది. దాన్ని 1984లోనే పరీక్షించి చూశారు. మసాచుసెట్స్ యూనివర్సిటీలో 13 మంది మగవాళ్ల చేత 27 రోజుల ప్రోగ్రామ్‌లో మొత్తం 5,004 సిటప్స్ చేయించారు. ముందూ తర్వాతా పొట్ట, వీపు, పిరుదుల నుంచి కొవ్వు కణాలు తీసి కొలిచారు. పొట్ట దగ్గర కణాలు కొంచెం చిన్నవయ్యాయి. కానీ వీపు దగ్గర, పిరుదుల దగ్గర కూడా దాదాపు అంతే చిన్నవయ్యాయి. ఐదు వేల సిటప్స్ తీసినా పొట్టకి ప్రత్యేకంగా దక్కింది ఏమీ లేదు.

మనకి ఈ పిచ్చి కొంచెం ఆలస్యంగా తగిలింది. 2007 సంక్రాంతికి దేశముదురులో అల్లు అర్జున్ సిక్స్‌ప్యాక్. అదే ఏడాది చివర్లో ఓం శాంతి ఓంలో షారుఖ్ ఖాన్. 2012లో పూలరంగడు కోసం కమెడియన్ సునీల్ కూడా సిక్స్‌ప్యాక్ చేసేసరికి, మనం కూడా చేయొచ్చన్న ధైర్యం ఊళ్లలోకి పాకింది. నేను అప్పుడు స్కూల్లో ఉన్నాను. మా క్లాస్‌లో సగం మంది ఆ రాత్రే సిటప్స్ మొదలుపెట్టారు. తెర మీద కనిపించే ఆ గడులు తిండి మీద, ఒంట్లో కొవ్వు శాతం మీద ఆధారపడతాయని మాకు ఎవరూ చెప్పలేదు.

వెన్నుపూస చెప్పిన మాట

ఇక సైన్స్ వైపు వద్దాం. 1996లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో పాల్ హాడ్జెస్, కరోలిన్ రిచర్డ్‌సన్ ఒక ఆసక్తికరమైన సంగతి బయటపెట్టారు. మనం చెయ్యి పైకి ఎత్తేముందు, చెయ్యి కంటే ముందే పొట్ట లోపలి పొర బిగుస్తుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లలో అది ఆలస్యంగా బిగుస్తోంది. అక్కడి నుంచే కోర్ స్టెబిలిటీ అన్న మాట జిమ్‌లకి పాకింది. అందరూ పొట్ట లోపలికి పీల్చడం మొదలుపెట్టారు. తర్వాత అది కూడా అతి అయిందని, ఒక్క కండరానికి అంత ప్రాధాన్యం ఇవ్వడం తప్పని వేరే పరిశోధకులు వాదించారు.

కెనడాలో వాటర్లూ యూనివర్సిటీకి చెందిన స్టువర్ట్ మెక్‌గిల్ ఇంకో దారిలో వెళ్లాడు. ఆయన ల్యాబ్‌లో పంది వెన్నుపూసల్ని మెషీన్‌కి బిగించి వేల సార్లు ముందుకి వంచి లేపారు. అలా వంచీ వంచీ చివరికి డిస్క్ లోపలి జిగురు బయటికి చీల్చుకు రావడం చూశారు. దీంతో సిటప్స్ మీద పెద్ద గొడవ. చచ్చిన పంది వెన్ను బాగుచేసుకోలేదు, బతికిన మనిషి వెన్ను రెస్ట్ ఇస్తే సర్దుకుంటుంది కదా అని అవతలివాళ్లు అన్నారు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. కాకపోతే అందులో రెస్ట్ ఇస్తే అన్న షరతు ఉంది, చూశారా?

మెక్‌గిల్ చెప్పిన ఇంకో మాట నాకు సూటిగా తగిలింది. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్ను డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే లేవగానే ముందుకి వంగితే వాటి మీద ఒత్తిడి మిగతా రోజు కంటే ఎక్కువ. నేను నా సిటప్స్‌కి ఏరికోరి ఆ టైమే పెట్టుకున్నాను!

సైన్యం కూడా చివరికి మనసు మార్చుకుంది. 1980 నుంచి అమెరికా ఆర్మీ ఫిట్‌నెస్ టెస్ట్‌లో రెండు నిమిషాల సిటప్స్ ఉండేవి. టెక్సస్‌లోని ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో వెయ్యి మందికి పైగా సైనికుల్ని రెండు రకాలుగా విడదీసి 12 వారాలు చూశారు. ఒక వర్గం మామూలు సిటప్స్, ఇంకో వర్గం సిటప్స్ లేకుండా, నడుము కదలకుండా బిగబట్టే వ్యాయామాలు. 2010లో ఫలితం వచ్చింది. గాయాల్లో పెద్ద తేడా లేదు. కానీ సిటప్స్ ప్రాక్టీస్ చేయనివాళ్లు సిటప్స్ పరీక్షలో వెనకబడలేదు! అంటే సిటప్ బాగా తీయడానికి కూడా సిటప్ కచ్చితంగా అవసరం కాదు. 2021లో నేవీ, తర్వాత ఆర్మీ, 2023లో మెరైన్స్, ఒకరి తర్వాత ఒకరు పొట్ట పరీక్షలో ప్లాంక్ పెట్టారు. కదలకుండా ఉండడం. మన కోడి రామమూర్తి గారి లైన్‌లోకి వచ్చారన్నమాట.

మరి ఎన్ని రోజులు?

పొట్ట కండరం మిగతా వాటికంటే వేరా? "అది రోజంతా పనిచేసే కండరం, కాబట్టి రోజూ చేయొచ్చు" అంటారు. 1979లో స్వీడన్ పరిశోధకులు పొట్ట కండరాల పోగుల్ని పరీక్షించారు. నెమ్మదిగా అలిసే రకం పోగులు సగానికి కొంచెం పైన, 55 నుంచి 58 శాతం. మిగతావి త్వరగా అలిసే రకం. తొడ కండరాలతో పోలిస్తే మరీ వేరేమీ కాదు. పొట్టకి ప్రత్యేక రాజ్యాంగం లేదు.

1995లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో కుర్రాళ్ల చేత బరువులతో గట్టిగా ఒక సెషన్ చేయించి, చేతి కండరంలో కొత్త ప్రోటీన్ తయారీ ఎంత పెరిగిందో కొలిచారు. 4 గంటలకి 50 శాతం ఎక్కువ. 24 గంటలకి 109 శాతం ఎక్కువ. 36 గంటలకి దాదాపు మామూలు స్థితికి వచ్చింది. అంటే గట్టిగా చేసిన కండరం మర్నాడు ఇంకా కట్టుబడి పనిలోనే ఉంది. సిమెంట్ ఆరకముందే మళ్లీ దాని మీద నడవడం ఎందుకు?

2016లో బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని కలిపి చూస్తే, కండ పెరగడానికి ఒక కండరాన్ని వారానికి ఒకసారి కంటే రెండుసార్లు చేయడం మేలని తేలింది. 2019లో ఇంకాస్త లోతుగా చూస్తే, వారం మొత్తం చేసే పని సమానంగా ఉంటే దాన్ని ఎన్ని రోజులుగా పంచినా పెద్ద తేడా లేదని వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కూడా పెద్దవాళ్లకి కండరాల వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు అంటున్నాయి.

కాబట్టి నా జవాబు ఇది. ఎన్ని రోజులు అన్నది ఎంత గట్టిగా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

బలం కోసం చేస్తుంటే, అంటే పది పదిహేను సార్లకి మించి చేయలేనంత గట్టిగా, ఉదాహరణకి బార్‌కి వేలాడి కాళ్లు ఎత్తడం, కేబుల్‌తో బరువు లాగడం, చక్రం పట్టుకుని ముందుకి దొర్లడం, ఇవి వారానికి రెండు లేదా మూడు రోజులు చాలు. మధ్యలో కనీసం ఒక రోజు గ్యాప్. ఒక్కో రోజు రెండు మూడు రకాలు, ఒక్కో దానికి రెండు మూడు సెట్లు. తేలిక అయ్యాక సంఖ్య పెంచుకుంటూ పోకండి, కష్టం పెంచండి. యాభై సిటప్స్ వచ్చేసిన పొట్టకి యాభై ఒకటోది కొత్తగా నేర్పేది తక్కువ.

నడుముకి ఓపిక కోసం, కుర్చీలో కూర్చునే ఒంటికి సాయం కోసం అయితే తేలికవి రోజూ చేయొచ్చు. మెక్‌గిల్ సూచించేవి మూడు. నడుము కింద చేతులు పెట్టుకుని, ఒక మోకాలు మడిచి, తల భుజాలు కొద్దిగా మాత్రమే లేపడం. పక్కకి తిరిగి మోచేతి మీద ఒంటిని నిలపడం. నాలుగు కాళ్ల మీద ఉండి, ఎదురెదురు చెయ్యి, కాలు చాపడం. ఒక్కోసారి పది సెకన్లకి మించి పట్టి ఉంచక్కర్లేదు. మొత్తం పది నిమిషాల పని. లేచిన వెంటనే వద్దు, కాసేపు తిరిగాక చేయండి.

పొట్ట తగ్గడం కోసం అయితే, సారీ, ఆ జవాబు ఈ ఎపిసోడ్‌లో లేదు. అది ప్లేట్‌లో ఉంది, నడకలో ఉంది, నిద్రలో ఉంది.

ఒక జాగ్రత్త. నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరి ఉన్నా, కాలు బలహీనపడినట్టు అనిపించినా నా వీడియో కాదు, ఏ వీడియో చూసినా లాభం లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మూత్రం మీద అదుపు తప్పితే అసలు ఆలస్యం చేయొద్దు.

నేను ఇప్పుడు మంగళ, శుక్రవారాలు గట్టిగా చేస్తాను. మిగతా రోజుల్లో సాయంత్రం ఆఫీస్ అయ్యాక ఆ పది నిమిషాలు. ఒక్కోసారి మిస్ అవుతాను కూడా. మళ్లీ మొదటి రోజు నుంచి మొదలుపెట్టమని ఎవరూ అనరు, యాప్ తీసేశాను కదా. సిక్స్‌ప్యాక్ రాలేదు. పళ్లు తోముకోవడానికి మాత్రం భయం లేకుండా వంగుతున్నాను.

ఈసారి ఎవరైనా మీకు ఫలానాది రోజూ వంద చేయి అని చెప్తే, మా ఫిజియో మేడమ్ నన్ను అడిగింది మీరు వాళ్లని అడగండి. ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అని. వచ్చే ఎపిసోడ్‌లో రోజుకి పదివేల అడుగుల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. అది జపాన్ కథ, అందులోనూ ఒక మెషీన్ ఉంది. అప్పటిదాకా ఉంటాను ఫ్రెండ్స్. చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నారు, ముందు ఒకసారి లేచి నాలుగు అడుగులు వేయండి.